దీర్ఘకాలం నిలిపి ఉంచిన మోటారు సైకిలును తిరిగి నడిపించడం

నెలల తరబడి గానీ, సంవత్సరాల తరబడి గానీ వాడకుండా నిలిపి ఉంచిన మోటారు సైకిలును పరీక్షించి, శుభ్రపరచి, మళ్ళీ రహదారిపై సురక్షితంగా నడిచే స్థితికి తీసుకురావడం ఒక క్రమాన్ని అనుసరించి చేయవలసిన పని. యజమాని ఉద్యోగరీత్యా దూరప్రాంతానికో, విదేశాలకో వెళ్ళినపుడు, కొత్త బండి కొన్నపుడు, బండి నడిపే ఇంటిపెద్ద మరణించినపుడు పాత మోటారు సైకిలు వసారాలోనో, పశువుల కొట్టంలోనో ఉండిపోవడం ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో తరచు కనిపిస్తుంది. 2020 మార్చి 25 నుండి అమలైన లాక్‌డౌన్ వలన దేశమంతటా ద్విచక్ర వాహనాలు వారాల తరబడి కదలలేదు. వాటిలో కొన్ని ఆ తరువాత కూడా చాలాకాలం అలాగే ఉండిపోయాయి.

ఆగి ఉన్న కాలంలో బండికి జరిగే నష్టం చాలావరకు బాగుచేయదగినదే. దానిని తిరిగి నడిపించాలని ప్రయత్నించిన మొదటి రోజున తొందరపాటు వలన జరిగే నష్టం మాత్రం చాలా సందర్భాలలో ఇంజను మొత్తం విప్పవలసినంత పెద్దదిగా ఉంటుంది. పాత పెట్రోలుతోనే పదేపదే కిక్కు కొట్టడం, నలుగురు కలిసి తోసి స్టార్టు చేయబోవడం ఇందుకు ముఖ్య కారణాలు.

ఈ వ్యాసంలోని వివరాలు ప్రధానంగా కార్బురేటరు కలిగిన పాత తరం బండ్లకు వర్తిస్తాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్, 1996లో మూతపడిన మైసూరు ఐడియల్ జావా సంస్థ తయారుచేసిన జావా, యెజ్డీ, 1985లో మార్కెట్లోకి వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100, అదే సంవత్సరం వచ్చిన హీరో హోండా సి.డి. 100 ఈ కోవలోనివి.

నిలిచి ఉన్న కాలంలో జరిగే మార్పులు

పెట్రోలు ఒకే పదార్థం కాదు, అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. వీటిలో తేలికైనవి ముందుగా ఆవిరైపోతాయి. ఇంజను చల్లగా ఉన్నపుడు సులభంగా అంటుకునేవి ఇవే కనుక, ఇవి పోయిన పెట్రోలుతో బండి స్టార్టు కావడం కష్టం. మిగిలిన భాగం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి క్రమంగా జిగురుగా మారుతుంది. నిలవ పెట్రోలు రంగు ముదిరి, వార్నిషు వంటి వాసన వేస్తుంది. ట్యాంకులో ఈ మార్పుకు నెలలు పడితే, గాలి తగిలే కార్బురేటరు గిన్నెలో కొద్ది వారాలే చాలు. ఆ గిన్నెలోని కొద్దిపాటి పెట్రోలు ఎండిపోయి, గోధుమరంగు పొరగా జెట్ల సన్నని రంధ్రాలను మూసివేస్తుంది.

పెట్రోలులో ఇథనాలు కలపడం ఈ సమస్యకు మరొకటి జోడించింది. భారతదేశంలో 2003లో 5 శాతంతో కొన్ని రాష్ట్రాలలో మొదలైన ఈ మిశ్రమం 2022 నాటికి 10 శాతానికి, 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీటి పాలు ఒక పరిమితి దాటినపుడు నీరు, ఇథనాలు కలిసి పెట్రోలు నుండి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. పెట్రోలు ట్యాపు ఉండేది ట్యాంకు అడుగునే కాబట్టి, ఇంజనుకు మొదట అందేది ఈ నీరే. పాతకాలపు రబ్బరు గొట్టాలు, వాషర్లు ఇథనాలును తట్టుకునేలా తయారైనవి కావు. అవి ఉబ్బుతాయి, మెత్తబడతాయి లేదా పగిలిపోతాయి.

ఇనుప రేకుతో చేసిన ట్యాంకులో పెట్రోలు లేని ఖాళీ భాగానికి తేమ తగిలి త్రుప్పు పడుతుంది. అందుచేత సగం ఖాళీగా వదిలిన ట్యాంకు నిండుగా వదిలిన దానికంటే త్వరగా పాడవుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాలలో ఉప్పుగాలి వలన ఇనుప భాగాలు త్వరగా చెడిపోతాయి. రాయలసీమ వంటి పొడి ప్రాంతాలలో త్రుప్పు తక్కువే అయినా, ఎండవేడికి టైర్లు, గొట్టాలు, సీళ్ళు ఎండి పగుళ్ళు తీస్తాయి.

ఇంజను లోపల కూడా మార్పులు జరుగుతాయి. నాలుగు స్ట్రోకుల ఇంజను ఆగినపుడు కవాటాలలో ఒకటి తెరచి ఉండిపోయే అవకాశం ఉంది. ఆ దారిన చేరిన తేమ వలన పిస్టను రింగులు సిలిండరు గోడకు త్రుప్పుతో అతుక్కుంటాయి. పోత ఇనుప సిలిండరు గల బండ్లలో ఇది ఎక్కువ. ఇవికాక ఎలుకలు వైర్లను కొరకడం, ఎయిర్ ఫిల్టరు పెట్టెలో గూడు కట్టడం, కందిరీగలు సైలెన్సరు గొట్టంలో మట్టిగూడు పెట్టడం మన ప్రాంతంలో సర్వసాధారణం. స్టార్టు కాని బండిని గంటల తరబడి పరీక్షించిన తరువాత కారణం సైలెన్సరులోని మట్టిగూడని తేలిన సందర్భాలు మెకానిక్కులకు కొత్త కాదు.

మొదటి పరిశీలన

పని ప్రారంభించే ముందు బండిని ఇంటి లోపలి నుండి బయటి గాలిలోకి తీసుకురావాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. అది నేలమట్టాన పాకి, దూరంగా ఉన్న పొయ్యినో దీపాన్నో చేరి అంటుకోగలదు. సున్నాకు ఎంతో దిగువ ఉష్ణోగ్రతలో కూడా పెట్రోలు మండగల ఆవిరిని ఇస్తుంది కనుక, చలికాలమైనా జాగ్రత్త తప్పదు. ఇంజను నడిచేటపుడు వెలువడే కార్బన్ మోనాక్సైడు మూసి ఉన్న గదిలో ప్రాణాంతకం.

తరువాత ఏ భాగాన్నీ విప్పకముందే బండి చుట్టూ తిరిగి చూడాలి. వైర్లు కొరికి ఉన్నాయా, కింద ఆయిలు గానీ పెట్రోలు గానీ కారిన గుర్తులు ఉన్నాయా, ఎయిర్ ఫిల్టరులోనూ సైలెన్సరులోనూ గూళ్ళు ఉన్నాయా గమనించాలి. ఇంజను ఆయిలు మట్టం చూసి, దానిని వాసన కూడా చూడాలి. ఆయిలు పాలలాగా తెల్లబడి ఉంటే నీరు చేరిందని అర్థం. పెట్రోలు వాసన వస్తూ మట్టం పెరిగి ఉంటే, ట్యాపు గుండా కారిన పెట్రోలు కార్బురేటరు దాటి ఇంజనులోకి దిగిందని గ్రహించాలి.

పెట్రోలు దిగిన ఇంజనును కిక్కు కొట్టరాదు. ద్రవం గాలివలె నొక్కుకుపోదు. పిస్టను పైన ద్రవం నిండి ఉన్నపుడు బలంగా కిక్కు కొడితే కనెక్టింగు రాడ్డు వంగిపోవచ్చు. స్పార్కు ప్లగ్గును ముందే తీసివేయడానికి గల కారణాలలో ఇది ఒకటి.

ఇంజనును చేతితో తిప్పి చూడడం

మొత్తం పనిలో కీలకమైన దశ ఇదే. మొదట ప్లగ్గు చుట్టూ ఉన్న దుమ్మును ఊది, ప్లగ్గును విప్పాలి. దుమ్ము ఊదకుండా విప్పితే ఇసుక రేణువులు సిలిండరులో పడతాయి. ప్లగ్గు రంధ్రం నుండి ఒక చెంచాడు, అంటే సుమారు 5 మి.లీ. శుభ్రమైన ఇంజను ఆయిలు పోసి కొన్ని గంటలు వదిలివేయాలి. ఎండిపోయిన సిలిండరు గోడలకు ఈ ఆయిలు పూతగా పనిచేస్తుంది. ఆ తరువాత కిక్కు రాడ్డును కాలితో కాక, చేతితో మెల్లగా నొక్కాలి. ప్లగ్గు లేనందువలన లోపల ఒత్తిడి ఉండదు. బాగున్న ఇంజను తేలికగా తిరుగుతుంది.

తిరగకపోతే అక్కడే ఆగడం మంచిది. పిస్టను పట్టుకుపోయిన ఇంజనుపై బలం ప్రయోగిస్తే కిక్కు పళ్ళ చక్రాలు విరగవచ్చు, రింగులు తునిగి సిలిండరు గోడను గీరవచ్చు. బండిని గేరులో వేసి తోసినా ఇంజను తిరగదు, వెనుక చక్రం ఈడ్చుకుపోతుంది. ఇటువంటపుడు ప్లగ్గు రంధ్రంలో కిరోసిను, డీజిలు లేదా త్రుప్పు వదిలించే ఆయిలు పోసి, ఒకటి రెండు రోజులు, అవసరమైతే వారం పాటు నానబెడతారు. తరువాత బండిని స్టాండుపై నిలిపి, పై గేరులో వేసి, వెనుక చక్రాన్ని ముందుకు, వెనుకకు కొద్దికొద్దిగా ఊపాలి. పై గేరులో చక్రం ద్వారా ఇంజనుపై పడే బలం ఎక్కువగా ఉంటుంది కనుక మెల్లగా ఊపాలి, లేకపోతే భాగాలు విరగవచ్చు. ఒక వెంట్రుక వాసి కదలిక వచ్చినా, మళ్ళీ ఆయిలు పోసి ఓపికగా కొనసాగిస్తే చాలా ఇంజన్లు విడుదలవుతాయి. వారం తరువాత కూడా కదలని ఇంజను హెడ్డును, సిలిండరును విప్పవలసిందే. నానబెట్టడానికి పోసిన ద్రవం కిందికి జారి ఇంజను ఆయిలులో కలుస్తుంది కాబట్టి, స్టార్టు చేయడానికి ముందు ఆయిలును పూర్తిగా మార్చాలి.

తడి క్లచ్చి ఉండే బండ్లలో క్లచ్చి ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుపోవడం కూడా తరచు జరుగుతుంది. క్లచ్చి నొక్కి పట్టుకున్నా గేరులో ఉన్న బండి కదలదు. ఇంజను తిరుగుతున్నదని నిర్ధారించుకున్న తరువాత, క్లచ్చి నొక్కి, బండిని ముందుకు వెనుకకు ఊపితే ప్లేట్లు సాధారణంగా విడిపోతాయి.

ట్యాంకు, కార్బురేటరు

పాత పెట్రోలులో కొత్త పెట్రోలు కలిపి వాడడం చాలామంది చేసే పని. దీనివలన లాభం లేకపోగా, ట్యాంకు అడుగున ఉన్న నీరు, త్రుప్పు రజను కార్బురేటరుకు చేరతాయి. పాత పెట్రోలును పూర్తిగా తీసివేయాలి. దానిని మురుగుకాలువలో గానీ, నేలపై గానీ పారబోయరాదు.

ట్యాంకులో టార్చిలైటు వేసి చూస్తే లోపలి స్థితి తెలుస్తుంది. పలుచని ఎర్రని పొర మాత్రమే ఉంటే కొత్త పెట్రోలుతో రెండు మూడుసార్లు కడిగితే సరిపోతుంది. పెచ్చులుగా లేచిన త్రుప్పు ఉంటే ట్యాంకును విప్పి, ట్యాపును తీసి రంధ్రం మూసి, లోపల చిన్న నట్లు గానీ, పాత చైను ముక్క గానీ వేసి కుదుపుతారు. వేసిన నట్లను లెక్కపెట్టుకుని వేయడం, లెక్కపెట్టుకుని తీయడం అనుభవజ్ఞుల అలవాటు. మిగిలిన త్రుప్పును వెనిగరు లేదా పలుచని ఫాస్ఫారిక్ ఆమ్లం పోసి కరిగిస్తారు. తరువాత వంటసోడా కలిపిన నీటితో ఆమ్లాన్ని విరిచి, మంచినీటితో కడిగి, వెంటనే ఆరబెట్టాలి. శుభ్రమైన ఇనుపరేకుకు తడి తగిలితే కొద్ది గంటలలోనే మళ్ళీ త్రుప్పు మొదలవుతుంది కాబట్టి, ఆరిన వెంటనే కొద్దిగా ఆయిలు కలిపిన పెట్రోలుతో లోపలి గోడలను తడపడం ఆచారం. ఆమ్లం వాడేటపుడు చేతితొడుగులు, కళ్ళజోడు తప్పనిసరి. పెట్రోలు ఆవిరి ఉన్న ట్యాంకుకు వెల్డింగు చేయించడం పేలుడుకు దారితీస్తుంది.

కార్బురేటరులో రెండు ముఖ్యమైన జెట్లు ఉంటాయి. పెద్దది వేగంగా వెళ్ళేటపుడు, చిన్నదైన పైలట్ జెట్టు ఇంజను నెమ్మదిగా తిరిగేటపుడు పెట్రోలును అందిస్తాయి. పైలట్ జెట్టు రంధ్రం అర మిల్లీమీటరు కంటే సన్నగా ఉండడం వలన మొదట మూసుకుపోయేది అదే. చోక్ వేసినపుడు మాత్రమే నడిచి, చోక్ తీయగానే ఆగిపోయే బండికి చాలావరకు ఇదే కారణం. జెట్లను కార్బురేటరు క్లీనరులో నానబెట్టి, గాలితో ఊది, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని రంధ్రం గుండ్రంగా కనిపిస్తున్నదో లేదో చూడాలి. గుండుసూదితో, ఇనుప తీగతో పొడవడం తప్పు. ఇత్తడి మెత్తని లోహం. రంధ్రం కొద్దిగా పెద్దదైనా పెట్రోలు పాళ్ళు మారిపోతాయి. ఫ్లోటు సూది, గిన్నె వాషరు, పెట్రోలు గొట్టం చవకైనవి. వీటిని పాతవి అలాగే ఉంచడం కంటే మార్చడమే మేలు.

బ్యాటరీ, నిప్పురవ్వ

లెడ్-యాసిడ్ బ్యాటరీ వాడకపోయినా తనంతట తాను డిశ్చార్జి అవుతుంది. ఖాళీగా ఉండిపోయిన బ్యాటరీ పలకలపై లెడ్ సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా పేరుకుంటుంది. అవి ఎక్కువైతే బ్యాటరీ తిరిగి చార్జి కాదు. 12 వోల్టుల బ్యాటరీ పూర్తి చార్జిలో, ఊరక ఉన్నపుడు సుమారు 12.6 నుండి 12.8 వోల్టులు చూపాలి. రాత్రంతా చార్జి చేసినా 12 వోల్టులకు దిగువనే నిలిచిపోతే దానిపై ఆశ వదులుకోవచ్చు. చార్జింగు విద్యుత్తు బ్యాటరీ సామర్థ్యంలో పదోవంతు మించరాదు. ఉదాహరణకు 5 ఆంపియర్-గంటల బ్యాటరీకి అర ఆంపియరు చాలు. మూతలున్న రకంలో మట్టం తగ్గితే డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయాలి. చాలా పాత బండ్లలో 6 వోల్టుల బ్యాటరీ ఉంటుంది కనుక చార్జరు తగిలించే ముందు దానిని గమనించాలి.

నిప్పురవ్వను చూడడానికి ప్లగ్గును దాని తీగకు తగిలించి, లోహభాగం ఇంజనుకు ఆనేలా పట్టుకుని కిక్కు కొడతారు. ప్లగ్గు రంధ్రం నుండి ఈ సమయంలో పెట్రోలు ఆవిరి వెలువడుతుంది. అందుచేత ప్లగ్గును ఆ రంధ్రానికి దూరంగా ఉంచాలి. నీలిరంగులో దిట్టంగా వచ్చే రవ్వ మంచిది. పసుపురంగులో పలుచగా వచ్చేది బలహీనమైనది. పాత బుల్లెట్లలో, జావా, యెజ్డీలలో ప్లాటినం పాయింట్లు ఉంటాయి. వాడకంలో లేని పాయింట్లపై ఆక్సైడు పొర పేరుకుని విద్యుత్తును అడ్డుకుంటుంది. నున్నని ఎమరీ కాగితంతో ఒకసారి తుడిచి, పాయింట్ల మధ్య దూరాన్ని సుమారు 0.4 మి.మీ.కు సరిచేస్తే, చచ్చిపోయిందనుకున్న ఇగ్నిషను చాలాసార్లు తిరిగి పనిచేస్తుంది.

బ్రేకులు, టైర్లు, కేబుళ్ళు

ఇంజను స్టార్టు చేయడానికి ముందే వీటిని సరిచూడాలి. చాలామంది ఈ క్రమాన్ని తలకిందులు చేస్తారు. ఇంజను శబ్దం వినగానే ఉత్సాహంతో వీధిలోకి వెళ్ళి, అక్కడ బ్రేకు పట్టకపోవడం గమనిస్తారు.

యాక్సిలరేటరు కేబులు త్రుప్పు పట్టి బిగుసుకుంటే, తిప్పిన పిడి వెనక్కి రాదు. మొదటి కిక్కుకే ఇంజను అదుపు లేకుండా పరుగు తీస్తుంది. పిడిని పూర్తిగా తిప్పి వదిలినపుడు, హ్యాండిలు ఎటువైపు తిరిగి ఉన్నా, చప్పుడుతో వెనక్కి రావాలి.

డ్రమ్ము బ్రేకు గల చక్రాలను విప్పి, లోపలి దుమ్ము తుడిచి, షూలను గరుకు కాగితంతో రుద్ది, వాటిని తెరిచే క్యామ్‌కు కొద్దిగా గ్రీజు పెట్టాలి. గ్రీజు షూలకు అంటరాదు. పాత షూలపై లైనింగు ఊడి వచ్చి చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. డిస్కు బ్రేకులోని ద్రవం కూడా తేమను పీల్చుకునేదే. డాట్ 4 రకం ద్రవం కొత్తగా ఉన్నపుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వద్ద మరగాలి. నిర్ణీత పరిమాణంలో తేమ చేరితే ఈ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. ఎన్నాళ్ళ నుండో ఉన్న ద్రవాన్ని పూర్తిగా మార్చి, గొట్టాలలో గాలి లేకుండా చేయాలి.

టైరు అరగకపోయినా వయసు వలన పనికిరాకుండా పోతుంది. 2000 నుండి తయారైన టైర్ల పక్కగోడపై నాలుగు అంకెల సంఖ్య ఉంటుంది. 2318 అని ఉంటే 2018వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. మూడంకెలే ఉంటే అది అంతకు ముందరి శతాబ్దపు టైరు. దాని గాడులు ఎంత లోతుగా ఉన్నా తీసివేయవలసిందే.

మొదటి స్టార్టు

కొత్త ఆయిలు, కొత్త పెట్రోలు, చార్జి అయిన బ్యాటరీ సిద్ధమైన తరువాత కూడా ప్లగ్గు బిగించకుండా పది ఇరవై సార్లు మెల్లగా కిక్కు కొట్టడం మంచిది. దీనివలన ఆయిలు పంపు నుండి ఆయిలు బేరింగులకు చేరుతుంది. తరువాత ప్లగ్గు బిగించి, చోక్ వేసి స్టార్టు చేయాలి. సిలిండరులో పోసిన ఆయిలు కాలడం వలన మొదటి కొన్ని నిమిషాలు తెల్లని పొగ దట్టంగా వస్తుంది. దీనికి భయపడనక్కరలేదు. పావుగంట దాటినా తగ్గకపోతే రింగులను అనుమానించాలి. ఇంజను వేడెక్కేవరకు వేగంగా తిప్పరాదు. మొదటి 50 కిలోమీటర్లు నడిచిన తరువాత ఆయిలును మరొకసారి మార్చితే లోపలి త్రుప్పు రజను, మడ్డి బయటకు పోతాయి.

పోత ఇనుప ఇంజను గల పాత బుల్లెట్టుకు ఒక ప్రత్యేక లక్షణం ఉంది. దాని ఆయిలు గది నుండి ఆయిలు నిలిచి ఉన్న కాలంలో పంపు గుండా మెల్లగా క్రాంకు గదిలోకి జారుతుంది. గేజి పుల్ల మట్టం తక్కువ చూపడంతో మళ్ళీ ఆయిలు పోస్తే, ఉన్నదానికి అదనమై స్టార్టు కాగానే గొట్టాల గుండా బయటకు చిమ్ముతుంది. ముందుగా క్రాంకు గదిని ఖాళీ చేసి, తరువాతే కొత్త ఆయిలు పోయాలి. స్టార్టయిన వెంటనే రాకర్లకు ఆయిలు అందించే గొట్టం బోల్టును కొద్దిగా వదులుచేసి, ఆయిలు వస్తున్నదో లేదో చూడడం పాత మెకానిక్కుల పద్ధతి. కిక్కు కొట్టేటపుడు డీకంప్రెసరు లీవరు నొక్కి పిస్టనును పై స్థానం దాటించి, లీవరు వదిలి, అప్పుడు పూర్తిగా కొట్టాలి. లేకపోతే కిక్కు ఎదురుతన్ని మోకాలికి, చీలమండకు దెబ్బ తగులుతుంది.

రెండు స్ట్రోకుల ఇంజన్లలో క్రాంకు బేరింగులకు పెట్రోలుతో కలిసి వచ్చే ఆయిలే ఆధారం. ఆగి ఉన్న కాలంలో ఆ ఆయిలు పొర ఎండి బేరింగులు త్రుప్పు పడతాయి. ఆర్‌ఎక్స్ 100లో ఆయిలును ప్రత్యేక పంపు అందిస్తుంది. దాని గొట్టంలో గాలి బుడగ చేరితే ఇంజనుకు ఆయిలు అందదు. గాలి తీసివేసిన తరువాత కూడా మొదటి ట్యాంకులో లీటరుకు 20 మి.లీ. చొప్పున టూ-టీ ఆయిలు కలిపితే భద్రత. క్రాంకు సీళ్ళు ఎండి గట్టిపడిన ఇంజను పక్కల నుండి గాలి పీల్చుకుని, యాక్సిలరేటరు వదిలినా వేగం తగ్గకుండా తిరుగుతూ ఉంటుంది. ఈ లక్షణం కనిపించిన వెంటనే ఆపివేయాలి. పెట్రోలు, ఆయిలు పాలు తగ్గి ఇంజను వేడెక్కి పిస్టను పట్టుకుపోతుంది.

ఇంధన ఇంజెక్షను బండ్లు

2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 ప్రమాణాలు అమలులోకి వచ్చిన తరువాత దేశంలో తయారైన మోటారు సైకిళ్ళలో అధికభాగం ఇంధన ఇంజెక్షనుతో వచ్చాయి. వీటిలో జెట్లు ఉండవు. అయితే ట్యాంకు లోపలి విద్యుత్ పంపు పాత పెట్రోలు జిగురుకు బిగుసుకోవచ్చు, ఇంజెక్టరు రంధ్రాలు మూసుకుపోవచ్చు. తాళం తిప్పగానే ట్యాంకు నుండి రెండు మూడు సెకండ్ల పాటు సన్నని రొద వినిపిస్తే పంపు తిరుగుతున్నట్లే. పంపుకు, కంప్యూటరుకు రెండింటికీ విద్యుత్తు అవసరం కనుక బలహీనమైన బ్యాటరీతో ఈ బండ్లు తోసినా సాధారణంగా స్టార్టు కావు. ఇంధన గొట్టంలో ఒత్తిడి ఉంటుంది కాబట్టి, దానిని తగ్గించకుండా గొట్టం విప్పరాదు.

పత్రాలు

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనం రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. తరువాత తనిఖీ చేయించి, 5 సంవత్సరాల చొప్పున పునరుద్ధరించుకోవాలి. ద్విచక్ర వాహనాలకు ఈ పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్‌లో 300 రూపాయల నుండి 1000 రూపాయలకు, 2025 ఆగస్టులో 20 సంవత్సరాలు దాటిన వాటికి 2000 రూపాయలకు పెరిగింది. మూడవ పక్ష బీమా, కాలుష్య నియంత్రణ ధ్రువపత్రం లేకుండా బహిరంగ రహదారిపై పరీక్షకైనా నడపడం నేరమే. బీమా పునరుద్ధరణ పూర్తయ్యే వరకు బండిని ఇంటి ఆవరణలోనే పరీక్షించాలి. మరణించిన వారి పేరున ఉన్న బండిని వారసులు ముందుగా తమ పేరుకు మార్పించుకోవలసి ఉంటుంది.